ఖాళీ సీట్లతో కదులుతున్న కార్లు: ఉద్యోగుల ఉమ్మడి ప్రయాణంలో యాజమాన్యాల పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

ఉదయం తొమ్మిది గంటల వేళ హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని ఏ కూడలి వద్దనైనా ఆగిన కార్లను పరిశీలిస్తే, ఐదుగురు కూర్చోగల వాహనంలో తరచుగా ఒక్కరే కనిపిస్తారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ ప్రాంతంలో కార్యాలయాలు విస్తరిస్తూ గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వరకు చేరాయి. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఎన్ని నిర్మించినా రద్దీ సమస్య పూర్తిగా తీరలేదు. రహదారిని వెడల్పు చేయడానికి ఒక హద్దు ఉంటుంది. కారులోని ఖాళీ సీట్లను నింపడానికి మాత్రం భూసేకరణ అవసరం లేదు.

లెక్క సులభం:

నలభై మంది ఉద్యోగులు ఎవరి కారులో వారు బయలుదేరితే నలభై కార్లు రోడ్డెక్కుతాయి. నలుగురేసి కలిస్తే పది కార్లు సరిపోతాయి. అందరూ బస్సెక్కితే ఒక్క వాహనం చాలు. నాలుగు మీటర్ల పొడవు గల నలభై కార్లు మధ్యలో ఖాళీ లేకుండా వరుసగా నిలిచినా 160 మీటర్ల రహదారి నిండిపోతుంది. అదే బస్సుకు సుమారు 12 మీటర్లు చాలు.

ఇంత తేలికైన లెక్క ఆచరణలో నిలవకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలు ఉన్నాయి. సాయంత్రం బయలుదేరే సమయం నిశ్చయంగా ఉండకపోవడం మొదటిది. ఇంటి నుండి అత్యవసరంగా కబురు వస్తే చేతిలో వాహనం ఉండదన్న భయం రెండవది. స్టేషన్ నుండి కార్యాలయానికి చేరే చివరి రెండు, మూడు కిలోమీటర్ల ఇబ్బంది మూడవది. ఉద్యోగులకు ఎంతగా విజ్ఞప్తి చేసినా ఈ మూడు తీరవు. వీటి పరిష్కారం చాలావరకు యాజమాన్యాల చేతిలోనే ఉంది.

అందుబాటులో ఉన్న మార్గాలు:

నగరంలో 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమయ్యాయి. మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. 2023 డిసెంబరు 9 నుండి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం అమలులోకి వచ్చింది. అయితే రాయదుర్గంలో మెట్రో దిగిన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగికి ఇంకా కొంత దూరం మిగిలే ఉంటుంది. పక్కపక్కనే ఉన్న నాలుగైదు సంస్థలు కలిసి స్టేషన్ నుండి ఒక షటిల్ బస్సు నడిపితే ఈ కొరత తీరుతుంది.

వేళల సర్దుబాటు సాధ్యమే:

2023 జూలైలో భారీ వర్షాలు కురిసినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలను ప్రాంతాల వారీగా విభజించి, మధ్యాహ్నం మూడు గంటల నుండి దశలవారీగా ఉద్యోగులను ఇళ్లకు పంపాలని సూచించారు. విపత్తు వేళ చేయదగిన సర్దుబాటును మామూలు రోజుల్లోనూ చేయవచ్చు. సంస్థల మధ్య వేళలు వేర్వేరుగా, ఒకే బృందంలో మాత్రం వేళలు స్థిరంగా ఉంటే, రద్దీ తగ్గడంతోపాటు కలిసి ప్రయాణించే వారికి ఒక భరోసా ఏర్పడుతుంది. అత్యవసరంగా వెళ్లవలసిన ఉద్యోగికి నెలలో ఒకటి రెండు సార్లు సంస్థ ఖర్చుతో ట్యాక్సీ ఏర్పాటు చేస్తే రెండవ భయం కూడా తొలగిపోతుంది.

పార్కింగ్ విధానమే కీలకం:

ఒంటరిగా కారులో వచ్చే ఉద్యోగికి నేలమాళిగలో ఉచితంగా స్థలం కేటాయించి, బస్సులో వచ్చే ఉద్యోగికి ఏమీ ఇవ్వకపోవడం, కోరకుండానే ఒంటరి ప్రయాణాన్ని ప్రోత్సహించడమే అవుతుంది. ముగ్గురు, నలుగురు కలిసి వచ్చే కార్లకు లిఫ్టు సమీపంలో స్థలం కేటాయించడం, పార్కింగ్ వదులుకున్న వారికి మెట్రో లేదా బస్సు పాసు ఇవ్వడం ద్వారా ఈ తేడాను సరిచేయవచ్చు.

చట్టపరమైన జాగ్రత్త కూడా అవసరం. అద్దె తీసుకొని ప్రయాణికులను చేరవేసే వాహనానికి పర్మిట్ ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తున్నది. సొంత కారును కిరాయికి తిప్పడం వేరు, సహోద్యోగులు డబ్బు ప్రసక్తి లేకుండా వారానికొకరు వంతున తమ కార్లు తీయడం వేరు. ఈ రెండవ పద్ధతే సురక్షితం, సులభం.

వంతు అనే మాట తెలుగు నేలకు కొత్తది కాదు. చెరువు కింద రైతులు వంతులవారీగానే నీరు పారించుకున్నారు. ఆ పద్ధతి కేవలం మంచితనం మీద నడవలేదు. ఎవరి పొలానికి ఎప్పుడు తూము తీయాలో చూసే నీరటికాడు ఊరికి ఒకడు ఉండేవాడు. నేటి కార్యాలయంలోనూ ఏ ప్రాంతం నుండి ఎవరు వస్తున్నారో జాబితా రూపొందించి, జట్లు కూర్చి, మహిళా ఉద్యోగుల భద్రతను చూసుకునే బాధ్యత ఒక అధికారికి అప్పగించాలి. అప్పుడే ఉమ్మడి ప్రయాణం వారోత్సవాల నినాదంగా మిగిలిపోక నిత్యకృత్యమవుతుంది.

ప్రైవేటు సంస్థలకు ఈ మార్పును సూచించే ముందు ప్రభుత్వ కార్యాలయాలు తమ ఆవరణల్లోనే దీనికి శ్రీకారం చుట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.