నావ మనదే, నావిగేషన్ మనది కాదు



మొన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఒక సందేశం పంపించాడు. ‘నావిగేషన్’ అనే ఆంగ్లపదం సంస్కృత ‘నవ్‌గతి’ నుండి పుట్టిందట. చివర ఒక ప్రశ్న: "సార్, మీకు గర్వంగా లేదా?"

లేదు నాయనా, సిగ్గుగా ఉంది. నీకు సంధులు చెప్పినవాణ్ణి నేనే కదా!

ఓడకు సంస్కృత శబ్దం ‘నౌ’. అచ్చు పరమైనప్పుడే దాని ఔకారం ‘ఆవ్’ అవుతుంది, అందుకే నావికుడు. హల్లు పరమైతే మారదు, అందుకే నౌసేన. గకారం హల్లు. కనుక సమాసం చేస్తే ‘నౌగతి’ కావాలి. ఈ ‘నవ్’ ఎక్కడినుండి ఊడిపడింది?

అసలు సంగతి వేరు. ఈ పదం 16వ శతాబ్దంలో లాటిన్ ‘నావిగాతియో’ నుండి ఇంగ్లీషులో చేరింది. ‘నావిస్’ అంటే ఓడ, ‘అగెరె’ అంటే నడపడం. నావిస్, నౌ తల్లీబిడ్డలు కారు, అక్కచెల్లెళ్లు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుండి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పనే చెప్పాడు. ‘అగెరె’కు తోబుట్టువు మన ‘అజ్’ ధాతువు. ‘గతి’ పుట్టిన ‘గమ్’ ధాతువుకు ఇంగ్లీషు బంధువు ‘కమ్’. గతికీ గేషన్‌కూ ఏ చుట్టరికమూ లేదు!

చెవికి ఒకేలా వినబడటమే ప్రమాణమైతే, నేవీ మా నవీపేటలోనే పుట్టిందని నేనూ వ్రాయగలను. ఊళ్లో సముద్రం లేదన్న చిన్న లోపం తప్ప!

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. ధాతువులను, పదాలను వరుసగా పోల్చి చూసిన పద్ధతితోనే ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతజన్యం కాదని, దక్షిణాది భాషల కుటుంబానిదని నిరూపించాడు. ఆ పద్ధతిని కాలదన్నితే మన తెలుగు స్వతంత్రతకే ఆధారం పోతుంది.

గర్వపడాలంటే నిజాలకు కొదవా? ఇంగ్లీషు ‘కాటమరాన్’ తమిళ ‘కట్టుమరం’ నుండే వెళ్లింది. ఆ మరమే మన మ్రాను. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెాలపై ఓడ బొమ్మ ఉంది. పగిలిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారు; సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. ఇవేవీ ఆ సందేశంలో లేవు.

మా ప్రాంతంలో పసుపు కొమ్మును పైరంగు చూసి కొనరు. విరిచి లోపల చూస్తారు. మాటనైనా అంతే చూడాలి.