చీటీ ఊడిన క్యాసెట్

ఈ నెల కొంచెం కంప్యూటర్ మాట చెప్పుకుందాం. భయపడకండి, చివర్లో ఎప్పటిలాగే మాటల పట్టిక ఉంది.

నేను దమ్మాంలో చేసేది సర్వర్ల పని. రోజంతా నా ముందు నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. అందుకే వెబ్ పేజీలు కూడా చాలాసార్లు లింక్స్ అనే బ్రౌజర్‌లోనే చూస్తాను. లింక్స్ అంటే ఒక రకం అడవిపిల్లి. 1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన బ్రౌజర్ ఇది. ఇందులో బొమ్మలు కనిపించవు, అక్షరాలే కనిపిస్తాయి. నెట్ నెమ్మదిగా ఉన్నచోట కూడా చక్కగా పనిచేస్తుంది.

పోయిన నెల డర్బన్ నుంచి మా మామయ్య కొడుకు ఫోన్ చేశాడు. "బావా, అమ్మమ్మ గొంతు దొరికింది! నాన్న పాత ఫోన్‌లో ఉండేది. మా ఇంటి సర్వర్‌లో పెట్టాను, విను" అన్నాడు.

అమ్మమ్మ పోయి పదేళ్లయింది. వెంటనే లింక్స్ తెరిచి, ఆ ఫైలు పేరు మీద ఎంటర్ నొక్కాను. పాట రాలేదు, మాట రాలేదు. తెర నిండా పిచ్చి గీతలు, చుక్కలు, అర్థంలేని అక్షరాలు. "పాడైపోయింది బావా, తీసెయ్" అని రాశాను. సర్వర్‌లో చోటు తక్కువగా ఉందట, రాత్రికి తీసేస్తానన్నాడు. పాత ఫోన్ అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు. అంటే ఇంకో కాపీ లేదు.

నా గదిలో కరీంనగర్ అన్న ఒకాయన ఉంటాడు. సౌదీకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇక్కడ మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1999లో. అంతకుముందు ఆయనలాంటి వాళ్లు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికిచ్చి ఇంటికి పంపేవారు. సంగతి విని ఆయన నవ్వాడు. "చీటీ ఊడిపోతే క్యాసెట్ పారేస్తమా తమ్మీ? పెట్టి ఇనాలె గని!"

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. కంప్యూటర్‌లో జరిగింది కూడా అదే. ఎలాగో చెప్తాను.

వెబ్‌లో ప్రతి ఫైలుకూ సర్వర్ ఒక చీటీ అంటించి పంపుతుంది. "ఇది బొమ్మ", "ఇది శబ్దం", "ఇది మామూలు రాత" అని ఆ చీటీ చెప్తుంది. ఈ చీటీల పద్ధతి పేరు మైమ్. 1992లో ఈమెయిల్ కోసం మొదలై, తర్వాత వెబ్‌కు వచ్చింది. లింక్స్ ఆ చీటీనే నమ్ముతుంది. మా బావ సర్వర్ ప్రోగ్రాం పాతది. దానికి ఏ ఎమ్ ఆర్ అనే ఫైలు రకం తెలియదు. పాత ఫోన్లు గొంతును దాచుకున్నది ఆ రకంలోనే. తెలియనిదానికల్లా అది "మామూలు రాత" అని చీటీ వేసింది. పాపం లింక్స్ దాన్ని నమ్మి, అమ్మమ్మ గొంతును అక్షరాలుగా చదవబోయింది.

మళ్లీ ఆ తెర చూశాను. మొదటి లైనులో చిన్నగా ఏ, ఎమ్, ఆర్ అన్న మూడు అక్షరాలు! చాలా రకాల ఫైళ్లు ఇలా మొదట్లోనే తమ పేరు చెప్పుకుంటాయి. పీడీఎఫ్ ఫైలు మొదట్లో పీ, డీ, ఎఫ్ ఉంటాయి. జిప్ ఫైలు మొదట్లో పీ, కే ఉంటాయి. చీటీ తప్పు చెప్పినా లోపల ఉన్నది తన పేరు తాను చెప్తూనే ఉంది. నేనే వినలేదు.

వెంటనే బావకు ఫోన్ చేశాను. "ఆగు, తీయకు!"

మీకూ ఇలా జరిగితే ఈ మూడు పనులు చేయండి.

ఒకటి. ఎంటర్ నొక్కకండి. ఫైలు పేరు మీద ఉండి, డీ అక్షరం నొక్కండి. అప్పుడు లింక్స్ ఫైలును చూపించబోదు, దింపుకోనా అని అడుగుతుంది. దింపుకోండి.

రెండు. మీ కంప్యూటర్‌కు ఆ రకాన్ని నేర్పండి. మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే రెండు చిన్న ఫైళ్లు ఉంటాయి. లేకపోతే మీరే రాసుకోవచ్చు. మైమ్ చుక్క టైప్స్ అనే ఫైలులో "ఆడియో స్లాష్ ఏఎమ్ఆర్" అని రాసి, ఖాళీ వదిలి, "ఏఎమ్ఆర్" అని రాయాలి. ఈ తోక ఉంటే అది శబ్దం అని దాని అర్థం. మెయిల్‌క్యాప్ అనే ఫైలులో, ఆ శబ్దాన్ని ఏ ప్రోగ్రాం వినిపించాలో రాయాలి. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.

మూడు. సర్వర్‌ను సరిచేయించండి. మీ కంప్యూటర్‌లో ఎంత రాసుకున్నా, సర్వర్ తప్పు చీటీ పంపితే లింక్స్ ఆ చీటీ మాటే వింటుంది. మీరు రాసిన తోకల పట్టిక, చీటీ రాని చోట పనికొస్తుంది: సొంత ఫైళ్లకు, ఎఫ్‌టీపీలో దింపేవాటికి. మా బావ సర్వర్‌లో ఒక్క లైను చేర్చాడు. ఇప్పుడు సరైన చీటీ వస్తోంది.

మన పెద్దలకూ ఇలాంటి చీటీలే వేశారు. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ రోజు నుంచి ఒప్పందం మీద వచ్చిన ప్రతి కూలీకీ ఒక నంబరు ఇచ్చారు. పేరును గుమస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. ఆ పట్టికల్లో మీ ఇంటి పేరు కనబడకపోతే, లేదని వెంటనే అనుకోకండి. పైకి చదివి చూడండి. చెవి పట్టుకోవచ్చు.

అన్నట్టు, ఆ ఫైలు విన్నాను. ముందు గరగర, తర్వాత దగ్గు, తర్వాత "ఇది పనిచేస్తుందా?" అని అమ్మమ్మ గొంతు. పక్కన కూర్చున్న కరీంనగర్ అన్న, "మంచిగ మాట్లాడుతుంది మీ అమ్మమ్మ" అన్నాడు. ఇప్పుడు ఆ ఫైలు మూడు చోట్ల ఉంది.

ఈ నెల మాటలు
చీటీ: చిన్న కాగితం ముక్క, దాని మీద పేరో, సంగతో రాస్తాం.
ఊడిపోవు: అంటించినది విడిపోవు. చీటీ ఊడింది, గుండీ ఊడింది.
తోక: ఫైలు పేరులో చుక్క తర్వాత వచ్చే భాగం. ఆవుకూ ఉంటుంది!
దింపుకొను: నెట్ నుంచి మన కంప్యూటర్‌లోకి తెచ్చుకొను.
గుమస్తా: ఆఫీసులో లెక్కలు, పేర్లు రాసే మనిషి.

ఇంటి పని: మీ ఇంట్లో పాత ఫోన్ ఉంటే తెరవండి. అందులో ఎవరి గొంతు ఉందో వినండి. విన్న మొదటి వాక్యం తెలుగులో రాసి నాకు పంపండి.