ఆ ఎముకలు ఎవరివి?

సేద్యం చేసుకునే ఇంట్లోంచి ఒక పిల్లవాడు డాక్టరు సీటు తెచ్చుకుంటే ఆ ఊరికి అది పండగే. పంచాయతీ ఆఫీసు దగ్గర దండలు వేస్తారు. తండ్రి అప్పో సప్పో చేసి ఫీజు కట్టి హాస్టల్లో దింపి వస్తాడు. నెల తిరక్కుండా కొడుకు దగ్గర్నుంచి కబురు వస్తుంది: "నాన్నా, బోన్ సెట్టు కొనాలి." పుస్తకాలు కొనడం ఆ తండ్రికి తెలుసు. ఎముకలు కొనడమేమిటో తెలియదు.

మా పక్క ఊళ్లో ఇలాగే జరిగింది. ఆ కుర్రవాడు సీనియర్ల గదులన్నీ తిరిగి, బేరమాడి, ఒక రేకు పెట్టెడు ఎముకలు సంపాదించాడు. సెలవులకు ఆ పెట్టెతోనే బస్సు దిగాడు. నాయనమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఎవరివో ఏటో, గంగలో కలవాల్సిన ఎముకలు ఇంట్లోకి తెస్తావేట్రా?" అంది. ఆ పెట్టె చివరికి పశువుల శాలలో ఉండిపోయింది. కుర్రవాడు అక్కడే బల్బు కట్టుకుని, గేదెల పక్కన కూచుని పుర్రె పట్టుకు చదువుకున్నాడు.

ఊరంతా నవ్వుకుంది. కాని ఆ ముసలమ్మ అడిగినదాంట్లో నవ్వవలసింది ఏమీ లేదు. ఆ ఎముకలు ఎవరివి? కొన్న కుర్రవాడికి తెలియదు. అమ్మిన సీనియరుకు తెలియదు. అతను మరొక సీనియరు దగ్గర కొన్నాడు. అలా వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడో ఒకచోట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని "నీ ఎముకలు తీసుకోవచ్చునా?" అని ఎవరైనా అడిగారా? ఈనాడు మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ఎముకలతో చదువు అవసరమా అని కొందరు అడగవచ్చు. అవసరమే. పెద్దవాళ్ల శరీరంలో 206 ఎముకలుంటాయి. ఒక్క చేతి పంజాలోనే 27 ఉంటాయి, పాదంలో 26 ఉంటాయి. అన్నింటికంటే పొడుగైనది తొడ ఎముక. అన్నింటికంటే చిన్నది చెవి లోపల బియ్యపు గింజ కంటె చిన్నదిగా ఉంటుంది. ఏ నరం ఏ గాడిలోంచి పోతుందో, ఏ కండరం ఏ గరుకు మీద అతుక్కుంటుందో ఎముకను వేళ్లతో తడిమి చూస్తేనే తెలుస్తుంది. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి. కంప్యూటరు తెర మీద శరీరాన్ని పొరలు పొరలుగా విప్పి చూపించే యంత్రాలూ వచ్చాయి. అవి మంచివే. కాని బొమ్మలన్నీ ఒకే అచ్చు. మనుషులు అలా ఉండరు. చెట్టు మీంచి పడి తుంటి విరిగిన కల్లుగీత కార్మికుడికి రేపు ఆపరేషను చేయవలసింది బొమ్మకు కాదు గదా!

ఈ సంగతి మన పెద్దలకు ఏనాడో తెలుసు. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో కట్టి, నెమ్మదిగా పారే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, తరవాత పొరపొరా రుద్ది చూడమని సుశ్రుతుడు చెప్పాడు. మృదులాస్థి, పళ్లు కూడా కలుపుకుని శరీరంలో 300 ఎముకలని లెక్క తేల్చాడు. కాలక్రమాన శవాన్ని ముట్టుకుంటే మైల అనే భయం ముదిరి ఆ విద్య మరుగున పడింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా అనే పండితుడు కట్టుబాటు దాటి శవచ్ఛేదం చేయడంతో ఈ చదువు మన దేశంలో మళ్లీ మొదలైంది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా 1923లో అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమే బోధించారు. అదే సంవత్సరం విశాఖపట్నంలో వైద్య కళాశాల పుట్టింది. నేటి ఆంధ్ర వైద్య కళాశాల అదే.

చదువు మంచిదే. దానికి సరుకు వచ్చిన దారి మాత్రం మంచిది కాదు.

మన విశాఖ రేవు నుంచి ఇనుప ఖనిజం ఓడలకెక్కినట్టే కలకత్తా నుంచి మనుషుల అస్థిపంజరాలు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. దశాబ్దాల పాటు ఇంగ్లండు, అమెరికా విద్యార్థులు చదువుకున్న ఎముకలు చాలామటుకు మన దేశపు పేదలవే. పిల్లల అస్థిపంజరాలు కూడా పెద్ద సంఖ్యలో పోతున్నాయని బయటపడి గగ్గోలు పుట్టాక, 1985లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. నిషేధంతో దొంగతనం ఆగిందా? 2007లో పశ్చిమ బెంగాలులోని బర్ధమాన్ జిల్లా పూర్వస్థలిలో పోలీసులు దాడి చేస్తే శ్మశానాల నుంచి తెచ్చి శుభ్రం చేసి అమ్మకానికి ఉంచిన ఎముకలు రాశులుగా దొరికాయి. కొనేవాడు ఉన్నంతకాలం తవ్వేవాడు ఉంటాడు.

ఇంగ్లీషువాళ్ల దేశంలో అంతకంటె ఘోరమే జరిగింది. 1828లో ఎడింబరో నగరంలో బర్క్, హేర్ అనే ఇద్దరు, వైద్య శిక్షకుడికి శవాలు అమ్ముకోవడానికి 16 మందిని చంపారు. బర్క్‌ను ఉరి తీసి అతని శవాన్నే కోసి చదువుకు ఇచ్చారు. అతని అస్థిపంజరం నేటికీ అక్కడి విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ అలజడి తరవాత 1832లో అక్కడ అనాటమీ చట్టం తెచ్చారు. దిక్కులేనివారి శవాలను కళాశాలలకు ఇవ్వవచ్చునన్నారు. హత్యలు ఆగాయి. కాని భారమంతా పేదవాడి మీద పడింది.

మన దేశపు అనాటమీ చట్టాలు కూడా ఆ బాటలోనే నడిచాయి. ఎవరూ రాని శవాన్ని గడువు చూసి వైద్య కళాశాలకు అప్పగించవచ్చు. చట్టం తప్పు అని మేము అనడం లేదు. ఆ శవాలు లేకపోతే మనకు ఇంతమంది డాక్టర్లు ఉండేవారు కాదు. కాని ఎవరూ రాని శవం అంటే ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి. విశాఖ రేవు పట్నం, ఉక్కు పట్నం. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి పని వెతుక్కుంటూ వేలమంది అక్కడికి వెళ్తారు. మూటలు మోస్తారు, మేడలు కడతారు. అందులో ఒకడు జేబులో చీటీ అయినా లేకుండా ఫుట్‌పాత్ మీద కన్ను మూస్తే, ఊళ్లో పెళ్లాం పిల్లలు డబ్బు పంపుతాడని ఎదురుచూస్తూ ఉంటారు. ఇక్కడ అతను అనాథ శవం అయిపోతాడు. బతికినన్నాళ్లూ వెన్ను వంచి ఇచ్చాడు. చచ్చాక ఆ వెన్నెముకనూ ఇచ్చాడు. రెండుసార్లూ అతన్ని అడిగిన వాళ్లు లేరు.

దధీచి కథ మన పల్లెల్లో తెలియనివారు లేరు. వృత్రాసురుణ్ణి చంపడానికి వజ్రాయుధం కావలసి వచ్చింది. దానికి దధీచి ఎముకలు కావాలి. అప్పుడు దేవతలు ఏం చేశారు? ఆయన దగ్గరకు వెళ్లి చేతులు జోడించి అడిగారు. ఆయన సరేనన్నాడు. దేవేంద్రుడంతటివాడే అడిగి తీసుకున్నప్పుడు మనం అడక్కుండా తీసుకోవడం ఎంతవరకు సబబు?

ఇప్పుడు అవసరం ఇంకా పెరిగింది. 2023లో విజయనగరంలో 150 సీట్లతో, 2024లో పాడేరులో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. మన పిల్లలకు ఇది మేలే. అయితే సీట్లు జీవోతో పెరుగుతాయి గాని దేహాలు జీవోతో రావు. అవి ఇచ్చేవారు ఉంటేనే వస్తాయి.

కళాశాలలు చేయవలసింది ఒకటుంది. శవచ్ఛేదం పూర్తయిన దేహాల నుంచి ఎముకలను శుభ్రపరచి భద్రం చేసే పద్ధతి అనాటమీ విభాగాలకు కొత్త కాదు. అలా తీసిన ఎముకలకు నంబర్లు వేసి, రిజిస్టరులో రాసి, లైబ్రరీ పుస్తకాల మాదిరి విద్యార్థులకు ఏడాదికి అరువు ఇవ్వాలి. ఏడాది చివర తిరిగి తీసుకోవాలి. అప్పుడు రైతుబిడ్డ వేల రూపాయలు పోసి ఎముకల కోసం వీధులు తిరగనక్కరలేదు. ఎక్కడివో తెలియని ఎముకలు చేతులు మారవు. ప్రతి వైద్య కళాశాలలో ఇలాంటి ఎముకల బ్యాంకు ఉండి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. దిక్కులేని శవాన్ని అప్పగించే ముందు ఫోటో, ఆనవాళ్లు చుట్టుపక్కల జిల్లాల పోలీసు స్టేషన్లన్నింటికీ చేరేలా చూడాలి. ఆ ఇల్లాలికి కనీసం కబురైనా అందాలి.

మనం చేయవలసిందీ ఉంది. అదే దేహదానం. జ్యోతి బసు 2010లో కన్నుమూసినప్పుడు ఆయన దేహాన్ని కలకత్తాలో వైద్య విద్యార్థులకు ఇచ్చారు. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం దేహం 2022లో నల్లగొండ వైద్య కళాశాలకు చేరింది. 2024లో సీతారాం ఏచూరి దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించారు. దీనికి పెద్ద నాయకులే కానక్కరలేదు. ఎవరైనా ఇవ్వవచ్చు.

పద్ధతి కష్టమైనది కాదు. దగ్గరి వైద్య కళాశాల అనాటమీ విభాగంలో అంగీకార పత్రం ఇస్తారు. సాక్షుల సంతకాలతో నింపి ఇవ్వాలి. అన్నింటికంటే ముఖ్యం, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి. ఎందుకంటే ఆ రోజు ఫోను చేయవలసింది వాళ్లే. మరణం సంభవించగానే డాక్టరు ధ్రువపత్రం తీసుకుని ఆలస్యం చేయకుండా కళాశాలకు తెలపాలి. కళ్లు ముందుగా దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. పోస్టుమార్టం చేసిన దేహాలను, కొన్ని అంటురోగాలతో పోయినవారి దేహాలను సాధారణంగా తీసుకోరు. ఇంటి దగ్గర చేయవలసిన కర్మ చేసుకునే అప్పగించవచ్చు. నేడు వైద్య విద్యార్థులు మొదటి రోజుల్లోనే ఆ దేహం ముందు నిలబడి, దాన్ని తమ మొదటి గురువుగా తలచి ప్రమాణం చేస్తున్నారు.

"కాలకపోతే ముక్తి ఎలా?" అని పెద్దలు అడుగుతారు. ఆ నమ్మకాన్ని వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. ఎవరి మనసుకు నచ్చినది వాళ్లు చేయాలి. దానం అన్నాక బలవంతం ఉండకూడదు. కాని ఇచ్చేవారు ఇస్తే అడగనివారి దగ్గర తీసుకోవలసిన పని తగ్గుతుంది. మనకు ఇష్టం లేనిది మన తరఫున ఎవడో దిక్కులేనివాడు ఇస్తున్నాడని తెలిసి కూడా ఊరుకోవడం మాత్రం ధర్మం కాదు.

మా పక్క ఊరి కుర్రవాడు ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఆ పెట్టె మరొక కొత్త విద్యార్థి చేతికి వెళ్లింది. తదుపరి వచ్చే పిల్లలకైనా, "ఇవి ఎవరివి?" అని నాయనమ్మ అడిగినప్పుడు, "ఇష్టపడి ఇచ్చిన మనిషివి నాయనమ్మా" అని చెప్పే అదృష్టం కలగాలి. అప్పుడు ఆ పెట్టెను పశువుల శాలలో కాదు, ఇంట్లోనే పెట్టుకోవచ్చు.