పొడిగుడ్డతో జాగ్రత్త!

కొత్త కారు కదాని రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తెగ తుడిచాను. నెల తిరిగేసరికి బానెట్ నిండా సాలెగూడులాంటి గీతలు! గీసింది గుడ్డ కాదు, దాని కింద నలిగిన ఇసుక. అందుకే ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించాలి. అదీ నీడలో, బానెట్ చల్లారాకే. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకటి కారు షాంపూకి, రెండోది గుడ్డ జాడించడానికి. పైకప్పు నుంచి కిందికి రండి. చక్రాలకు వేరే గుడ్డ. బట్టల సబ్బుపొడి వాడితే పాత వ్యాక్స్ పూతా పోతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్ది, బాగా ఆరాక వ్యాక్స్ పలుచగా రాయండి. మసకబారాక తుడిచేయండి. నా కారుకీ అలాగే రాశాను. మెరుపొచ్చింది.. దగ్గరికెళ్తే ఆ గీతలు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి!