మోడల్‌లో లేని నీళ్ళ పైపు

"కాంక్రీట్‌లో కలిపే కెమికల్‌ని ఇక కంప్యూటరే డిజైన్ చేసేస్తుంది, మేస్త్రీలతో పనేముంది" అని మనోళ్ళు తెగ సంబరపడిపోతున్నారు. ఆగండి బాబూ!

అసలు ఆ కెమికల్ చేసే పనేంటి? పాలీకార్బాక్సిలేట్ అణువు అచ్చం దువ్వెనలా ఉంటుంది. వెన్ను సిమెంటు రేణువుకి అతుక్కుంటుంది, పళ్ళు పక్క రేణువుని దగ్గరికి రానివ్వవు. దాంతో తక్కువ నీళ్ళతోనే కాంక్రీట్ జారుగా వస్తుంది. జపాన్ వాళ్ళు 1980లలోనే చేశారు. పళ్ళు ఎంత పొడుగుండాలి, మధ్యలో ఎంత ఎడం ఉండాలి అని కంప్యూటర్‌లో లెక్కకట్టడం గొప్ప విషయమే, నేను కాదనట్లేదు. గట్టిపడిన సిమెంటుకి 2009లో ఎం.ఐ.టి. పరిశోధకులు అణుస్థాయి మోడల్ కట్టారు కూడా.

కానీ సైట్‌లో ఇసుక మోడల్‌లో ఉన్నంత శుభ్రంగా ఉండదు. అందులో బంకమట్టి ఉంటే ఆ దువ్వెన పళ్ళు పోయి దాని పొరల్లో దూరిపోతాయి. ఖరీదైన కెమికల్ మట్టిపాలు! కాంక్రీట్ బిగుసుకుంటుంది, మేస్త్రీ పైపు పెడతాడు (పాపం, ఇంకేం చేస్తాడు?). ఎక్కువైన నీళ్ళు ఆరిపోయాక సన్నటి రంధ్రాలు మిగులుతాయి, బలం పడిపోతుంది. టెస్ట్ డేటా మీద పాసై ప్రొడక్షన్‌లో చతికిలపడే కోడ్‌ని మనం రోజూ చూడట్లేదూ?

ఇరవయ్యేళ్ళు ఈఎంఐ కట్టబోయే ఫ్లాట్ కోసం బిల్డర్‌ని ఇటాలియన్ మార్బుల్ గురించి గంటసేపు పీకుతారు. ఇసుకలో మట్టి ఎంతుంది, స్లాబ్ రోజు నీళ్ళు కొలిచిందెవరు అని అడిగినవాణ్ణి మాత్రం నేనింకా చూళ్ళేదు.