ఘాట్ రోడ్డు – పాత కారు దృఢత్వము

దోర్నాల నుండి శ్రీశైలానికి నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కే పాత కారు మలుపు మలుపునా కిర్రుమంటే, యజమాని చూపు ముందుగా గట్టి స్ప్రింగుల మీదికి పోతుంది. ఇది అనవసరపు ఖర్చని నా దృఢాభిప్రాయం. 1983లో వచ్చి 2014లో ఉత్పత్తి ఆగిన మారుతి 800నే తీసుకొనండి. లారీకి వలె దానికి వేరే ఛాసిస్ లేదు. రేకుల బాడీయే ఛాసిస్. అది మెలి తిరిగితే చక్రాల కోణం చెదరుతుంది. గట్టి స్ప్రింగు ఆ మెలిని పెంచుతుందే కాని తగ్గించదు.

ఒక మూల జాకీతో ఎత్తి తలుపు తెరచి మూయండి. పట్టేసినచో బాడీ బలహీనపడినదని అనుమానించవలసినదే. అప్పుడు మొదటి రూపాయి తలుపుల క్రింద పొడవునా ఉండే పెట్టెవంటి రేకుకే చెందాలి. తుప్పు తిన్న భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాలి. పుట్టీ పూసి రంగు వేయడం కంటికి అలంకారమే గాని బలం కాదు. వెల్డింగు వేళ కారు సమతలంగా నిలువకుంటే వంకర శాశ్వతమవుతుంది! పిదప అరిగిన రబ్బరు బుష్‌లు, సడలిన బోల్టులు. ఇంకా సొమ్ము మిగిలితే బానెట్ క్రింద రెండు స్ట్రట్ల తలలను కలుపుతూ అడ్డకమ్మీ బిగించవచ్చును. పందెపు కార్లను చూచి లోపల ఇనుప గొట్టాల పంజరం కట్టించడం మాత్రం తగదు. హెల్మెట్ లేని పిల్లల తలలకు ఆ గొట్టాలే ముప్పు.