డబ్బాలోని డబ్బా

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని తిరుపతిలోని మా ఇంటికి చేరేసరికి చిత్తూరు నుండి మా చెల్లెలు ఫోను చేసింది. "భాయిజాన్, మీ మేనల్లుడు ఇంట్లోనే కంప్యూటరు కూర్చుకుంటానంటున్నాడు. గేములు ఆడుకోవడానికట. నేను నాలుగేళ్లు మిషను తొక్కి కూడబెట్టినవి డెబ్బయి వేలు ఉన్నాయి. కువైట్ నుండి వాళ్ల అబ్బా, మామూ ఎలా చెబితే అలా చేయండి అన్నారు. మీరొకసారి వచ్చి వాడు రాసిన చీటీ చూడండి" అన్నది.

మద్రసాలో అరబీ వ్యాకరణం చెప్పుకునే వానికి గేమింగ్ కంప్యూటరుతో ఏమి పని అని పాఠకులు అనుకోవచ్చు. ఆరేళ్ల క్రితం మా మద్రసా కార్యాలయానికి కంప్యూటరు కూర్పించినప్పుడు అంగడిలో బేరమాడినవాణ్ని నేనే. ఒక్కొక్క భాగం ధర చెబుతూ పోయిన అంగడి యజమాని చివరకు పవర్ సప్లై వద్దకు వచ్చాడు. ఒక ఫ్యాను, నాలుగు తీగలు ఉన్న ఇనుప డబ్బాకు అంత ధర ఏమిటని నేను పట్టుబట్టాను. ఆయన ఒకసారి వద్దని చెప్పి, నా పట్టుదల చూసి, క్యాబినెట్‌తోపాటు వచ్చే దానినే బిగించాడు. రెండు వేలు మిగిల్చానని కమిటీ పెద్దలు నన్ను మెచ్చుకున్నారు కూడా. మరుసటి వేసవిలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. గదంతా కాలిన వాసన. మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ రెండూ పోయాయి. పాత రిజిస్టర్ల నుండి ఎక్కించిన పన్నెండేళ్ల విద్యార్థుల వివరాలు ఆ డిస్కులో ఉన్నాయి. మా ఉస్తాద్ గారు చెప్పిన పాఠాలను నేను రాత్రిళ్లు కూర్చుని టైపు చేసుకున్న ప్రతి కూడా అందులోనే ఉంది. అప్పటికే ఆయన ఈ లోకంలో లేరు. రెండో ప్రతి తీసి ఉంచలేదు.

ఆ తరువాతనే ఈ సంగతులు నేర్చుకున్నాను. నేర్పినవాడు మా పాత విద్యార్థి. రేణిగుంట వద్ద టీవీలు తయారయ్యే కర్మాగారంలో పనిచేస్తున్నాడు. శిష్యుని వద్ద శిష్యరికం చేయడంలో నాకు చిన్నతనమేమీ తోచలేదు.

మరునాడు చిత్తూరు వెళ్లాను. పిల్లవాడు చీటీ చక్కగా రాశాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, 8 జీబీల ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, రంగుల దీపాలు వెలిగే 32 జీబీల ర్యామ్, నీటితో చల్లబరిచే కూలర్, ముందూ పక్కలా గాజు పలకలున్న క్యాబినెట్, 4కె మానిటర్. అట్టడుగున చిన్న అక్షరాలతో 'క్యాబినెట్‌తో ఎస్ఎంపీఎస్, 450 వాట్లు' అని ఉంది. మొత్తం తొంభై అయిదు వేలకు చేరింది. చాలని ఇరవై అయిదు వేలకు 'నో కాస్ట్ ఈఎంఐ' అట.

ఈఎంఐ సంగతి ముందు తేల్చాను. పేరు ఏదైనా బ్యాంకు లెక్కలో అది వడ్డీ అప్పే. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపి, వడ్డీని వాయిదాలలో వసూలు చేస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ అదనం. సున్నా శాతం పథకాలలో వడ్డీ మరుగున ఉంటున్నదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులను హెచ్చరించింది. కనుక మన చేతిలో ఉన్నది డెబ్బయి వేలు, అంతే అన్నాను. వాడు మారు మాట్లాడలేదు.

తరువాత అడిగాను, "నువ్వు ఆడేది ఏమిటి?" వాలోరంట్, క్రికెట్, జీటీఏ 5 అన్నాడు. (మూడవ దానిలోని దొంగతనాల గురించి వేరే కూర్చుని మాట్లాడుకున్నాం, అది ఇక్కడ రాయను.) తల్లిదండ్రులు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. ఏ తెర మీద, ఏ ఆట అన్నది తేలితే తక్కిన భాగాల లెక్క దాని వెంట వస్తుంది. మామూలు 1080 తెర మీద ఉండే చుక్కలు సుమారు 21 లక్షలు. 4కె తెర మీద సుమారు 83 లక్షలు. ప్రతి చుక్కకూ క్షణక్షణం రంగు నిర్ణయించే బరువు గ్రాఫిక్స్ కార్డుదే. నాలుగింతల బరువు నెత్తిన పెట్టి, కార్డు మాత్రం 1080 తెరకు సరిపడేది కొంటే రెండు చోట్లా డబ్బు దండుగ. 4కె తీసివేసి, క్షణానికి 144 సార్లు చిత్రం మార్చే 1080 మానిటర్ రాసుకున్నాం. వాడు ఆడే ఆటలకు అదే మేలని వాడే ఒప్పుకున్నాడు.

నీటి కూలర్ కొట్టివేశాం. 65 వాట్ల ఆ ప్రాసెసర్‌కు పెట్టెలోనే ఫ్యాను వస్తుంది. 32 జీబీల ర్యామ్ 16 అయింది, కానీ ఒకే పలకగా కాక ఎనిమిదేసి జీబీల జతగా. జతగా ఉంటే ప్రాసెసర్ రెండు దారుల గుండా ఒకేసారి చదువుతుంది. గాజు ముఖం ఉన్న క్యాబినెట్ బదులు జల్లెడ ముఖం ఉన్నది రాసుకున్నాం. మే నెలలో మన వైపు నలభై డిగ్రీలు దాటిన గాలి ఆ డబ్బాలోకి పోవాలి, లోపలి వేడి బయటికి రావాలి. గాజు అడ్డుపడితే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది, పిల్లలు కార్డు చెడ్డదంటారు.

ఈ ప్రాసెసర్ అమర్చే ఏఎం4 సాకెట్ పాతది, డీడీఆర్4 ర్యామే పడుతుంది. 2022లో వచ్చిన ఏఎం5లో డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు. ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే స్తోమత ఉన్నవారు ఏఎం5కే పోవడం మంచిది. మా వాని డబ్బుకు ఏఎం4 చాలు. ఇంకా తక్కువ డబ్బున్న తల్లులు ఒకటి గుర్తుంచుకోండి: 5600లో సొంత గ్రాఫిక్స్ లేవు, కార్డు లేనిదే తెర వెలగదు. చివర 'జి' అక్షరం ఉన్న 5600జి లో ఉన్నాయి. దానితో మొదలుపెట్టి, చదువూ చిన్న ఆటలూ నడిపించి, ఏడాది తరువాత కార్డు కొనుక్కోవచ్చు.

ఇక ఆ చిన్న అక్షరాల వరుస. పక్క వీధిలోని వాడి స్నేహితుని ఇంట్లో అదే రకం క్యాబినెట్ ఉందంటే వెళ్లి పక్క తలుపు తీయించాను. పవర్ సప్లై మీద చీటీ ఉంటుంది, దానిని చదవడం మరవకూడదు. పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద గళ్లలో 12 వోల్టుల వద్ద 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును పద్దెనిమిదితో హెచ్చిస్తే 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ బలాన్ని ఆ 12 వోల్టుల నుండే తీసుకుంటాయి. కార్డుకు 115 వాట్లు, ప్రాసెసర్‌కు 65, బోర్డుకూ డిస్కుకూ ఫ్యాన్లకూ మరో యాభై అనుకుంటే 230. పైగా కార్డులు రెప్పపాటు కాలం తమ లెక్కను మించి లాగుతాయి. 450 అని రాసుకున్న డబ్బా మొదటి రోజే తన శక్తికి మించి మోస్తుందన్నమాట. పిల్లవాడు ఆ లెక్కను ఫోనులో రెండుసార్లు వేసి చూసుకున్నాడు.

మా లెక్కలో 550 వాట్లది, 12 వోల్టుల వద్ద 45 ఆంపియర్లు ఇచ్చేది, అయిదేళ్ల వారంటీ ఉన్నది రాసుకున్నాం. '80 ప్లస్' ముద్ర ఉన్నంత మాత్రాన సంతోషపడవద్దు. గోడ నుండి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి అందుతుందో మాత్రమే ఆ ముద్ర చెబుతుంది. వోల్టేజి ఎగసినప్పుడు, తీగ తీగకు తగిలినప్పుడు తానే ఆగిపోయే రక్షణలు ఉన్నాయో లేవో వేరుగా చూడాలి. మంచి వాటిలో మరొక సుగుణం, 100 నుండి 240 వోల్టుల వరకు దేనినైనా స్వీకరిస్తాయి. మన పల్లెలలో సాయంత్రం వోల్టేజి పడిపోయినా తట్టుకుంటాయి. చవక వాటిలో కొన్నింటికి వెనుక ఎర్రని మీట ఉంటుంది. చిన్నపిల్లలు దానిని 115 వైపు జరిపితే, ప్లగ్గు పెట్టిన క్షణంలో పేలుతుంది.

కాట్పాడి మీదుగా రైలులో చెన్నై వెళ్లి రిచీ స్ట్రీటులో కొన్నాం. ఒక అంగడిలో వాడిన కార్డు సగం ధరకు ఇస్తామన్నారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం గనుల పని ఆగిపోయాక, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత సరుకులో చాలా కలిశాయి. అందుచేత ఇది ఎక్కడ నడిచిందని అడిగాను. సరుకులోని లోపం చెప్పి అమ్మడం అమ్మేవాని బాధ్యత అని మనం నమ్ముతాం. అడగడం కొనేవాని బాధ్యత కూడా. జవాబు రాలేదు. గంటసేపు నడిపి చూపమన్నాను, కుదరదన్నారు. కొత్తదే, బిల్లుతో తీసుకున్నాం. అన్నీ కలిపి అరవై ఎనిమిది వేల చిల్లర.

ఆదివారం పిల్లవాడే కూర్చాడు. స్విచ్ వేయగానే తెర వెలిగింది. మా చెల్లెలు దువా చేసింది. కానీ నేను క్యాబినెట్ ఇనుమును తాకితే వేళ్లు జిల్లుమన్నాయి. పాత ఇల్లు, గోడ ప్లగ్గులో మూడో రంధ్రానికి తీగే లేదు. పవర్ సప్లై వడపోత నుండి వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేక ఇనుము మీద నిలుస్తోంది. ఎంత మంచి డబ్బా కొన్నా ఎర్తింగ్ లేకపోతే దాని రక్షణలు సగమే. ఆట ఆపించి, ప్లగ్గు తీయించాను. వాని ముఖం చూడలేకపోయాను.

సోమవారం ఎలక్ట్రీషియన్ పెరట్లో గుంట తవ్వి, గొట్టం దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, ఇంటిలోకి తీగ లాగాడు. మిగిలిన డబ్బు దానికి సరిపోయింది. మన నేల త్వరగా ఎండుతుంది, ఎండితే ఎర్తింగ్ పనిచేయదు, వారానికి రెండుసార్లయినా నీళ్లు పోయమని చెప్పి వెళ్లాడు. ఇప్పుడు మా చెల్లెలు బియ్యం కడిగిన నీళ్లు ఆ గుంటలోనే పోస్తోంది.